పటాలం చేసొచ్చిన నాన్నతో యుద్ధ కథ చదవడం ఎలా? (ఫోన్-ఇన్)

యాంకర్: సోంపేట నుంచి లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే సార్. మా నాన్న పటాలం నుంచి రిటైరయ్యారండి. 1988లో శ్రీలంకలో ఉన్నారట. అక్కడ ఏటయిందని అడిగితే సాలు, లేసి ఎల్లిపోతారు. యుద్ధం నవలలు సదివితే మాకేటైనా తెలుస్తాదా?

నిపుణుడు: తెలుస్తుందమ్మా. ముందు డిశ్చార్జి బుక్కు తీసి, ఎక్కడెక్కడ పనిచేశారో చూడండి. కార్గిల్ కథ చదివితే ఆయన సంగతి తెలియదు. అది కొండలెక్కే యుద్ధం. 1987 నుంచి 1990 దాకా మనవాళ్లు శ్రీలంకలో చేసింది ఊళ్ల మధ్య గస్తీ. దారుల్లో మందుపాతరలు. అలాంటి కథ వెతకండి. నాన్నగారు తోటలో కొత్తగా తవ్విన మట్టి మీద కాలు పెడతారా?

కాలర్: పెట్టరండి! జీడితోటలో సుట్టూ తిరిగెల్తారు. సాదస్తం అనుకున్నాం.

నిపుణుడు: గస్తీ కథలో జవాను వేసే ప్రతి అడుగూ అలాగే ఉంటుంది. శ్రీలంకలోని జాఫ్నాలోనూ మన తీరంలో లాగే తాటితోపులే. పుస్తకం మొత్తం ముందు మీరు చదవండి. చావుల పేజీలు పక్కనపెట్టి బూట్లు, తిండి, కాపలా ఉన్న నాలుగైదు పేజీలు గుర్తుపెట్టుకోండి. సాయంత్రం టీ అయ్యాక అరుగు మీద, పక్కపక్కన కూర్చుని, పది నిమిషాలు చాలు. ఎదురుగా కూర్చుంటే విచారణలా ఉంటుంది. రాత్రి పడుకునే ముందు అసలొద్దు.

"నీకూ ఇలాగే అయిందా నాన్నా" అనకండి. నవల ఆయన జీవితం కాదు. "రైఫిల్ బరువు సరిగ్గానే రాశాడా?" అనండి. అప్పట్లో జవాన్లు మోసిన ఎస్సెల్లార్ రైఫిల్ నాలుగు కిలోల పైమాటే, భుజానికి గుర్తుంటుంది. తప్పులు పడితే పెన్సిల్ చేతికివ్వండి, ఆ పేజీ మీదే దిద్దుతారు. మాట మొదలయ్యేది అక్కడే.

కాలర్: మద్దెలో లేసిపోతే?

నిపుణుడు: వెంటపడకండి. ఫోన్లో రికార్డు చెయ్యకండి. మూడు నాలుగు రోజులు ఆ పుస్తకం ఎత్తొద్దు. మొదటి ప్రపంచ యుద్ధం మీద 1929లో వచ్చిన జర్మన్ రచయిత రిమార్క్ నవల 'ఆల్ క్వైట్ ఆన్ ది వెస్టర్న్ ఫ్రంట్'లో, సెలవుకి ఇంటికొచ్చిన జవానుని తండ్రి యుద్ధం కబుర్లు అడుగుతూనే ఉంటాడు, అతను చెప్పలేడు. ఆ భాగం మీరు చదువుకోవాలి, ఆయనకి వినిపించొద్దు.

వారాల తరబడి నిద్ర లేకపోయినా, తాగుడు పెరిగినా, "ఎందుకీ బతుకు" అన్నా పుస్తకం పక్కనపెట్టండి. 14416కి ఫోన్ చెయ్యండి, అది టెలీ మానస్, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడతారు. మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్ కార్డుంటే, వాళ్ల పాలీక్లినిక్‌కి తీసుకెళ్లండి.

కాలర్: అమ్మకి సదువు రాదండి. కూకోవచ్చా?

నిపుణుడు: తప్పకుండా కూర్చోబెట్టండి. పటాలం అడ్రసులో ఊరి పేరుండదు, ఏపీఓ, అంటే ఆర్మీ పోస్టాఫీసు నెంబరే ఉంటుంది. మనిషి ఎక్కడున్నాడో తెలియకుండా ఉత్తరాలు రాయించింది ఆవిడ. ఉత్తరాల పేజీ వచ్చినప్పుడు మీరు చదవడం ఆపి, ఆవిణ్ణి చెప్పనివ్వండి.