‘సినిమా పాట కొట్టన్నా’ అనే ముందు

హోస్ట్: రికార్డ్ అవుతోందా? సరే. అందరికీ నమస్తే. ఈ వారం మనతో ఉన్న తమ్ముడిది ఖమ్మం. ఇంజనీరింగ్ మూడో ఏడాది, ఉండేది అమీర్‌పేట హాస్టల్లో. శనివారం వచ్చిందంటే ఏ మూల ఏ చిన్న బ్యాండ్ వాయిస్తోందా అని వెతుక్కుంటూ పోతాడు. ఇంట్లో తెలుసా ఈ సంగతి?

గెస్ట్: అమ్మకు తెలుసక్కా. నాన్నకు ‘కల్చరల్ ప్రోగ్రామ్’ అని చెప్పాం. అబద్ధమైతే కాదు కదా!

హోస్ట్: అస్సలు కాదు. ఈ పిచ్చి ఎక్కడ పట్టుకుంది?

గెస్ట్: లామకాన్‌లో. నాటకాలు, పాటలు జరిగే చిన్న వేదిక అది. బంజారాహిల్స్ రోడ్ నంబర్ 1 నుంచి కాస్త లోపలికి వెళ్లాలి. నిజం చెప్పాలంటే, ఇంకెక్కడా నన్ను రానివ్వరు కాబట్టి అక్కడికి వెళ్లా. సిటీలో బ్యాండ్లు ఎక్కువగా వాయించేది పబ్బుల్లోనే. తెలంగాణలో 21 నిండితేగానీ మందు పోయకూడదు. ‘నాకు మందొద్దన్నా, ఓ మూల నిలబడి పాట వింటా’ అన్నా సరే, బౌన్సర్ ఆధార్ చూసి పక్కకు జరగమంటాడు.

హోస్ట్: లామకాన్‌లో ఆ గొడవ లేదు. 2010లో తెరిచారు దాన్ని. అంతకుముందు అది ఫొటోగ్రాఫర్ మొయీద్ హసన్ గారి ఇల్లు. మందుండదు, ఛాయ్ సమోసాలే. నాటకమైనా, కవి సమ్మేళనమైనా, ఏదో ఒక సమస్య మీద సభైనా, బ్యాండైనా అన్నీ అక్కడి బండరాళ్ల పక్కనే.

గెస్ట్: నేను వెళ్లిన రోజు నలభై మంది ఉంటారేమో. నాకు తెలిసిన కన్సర్ట్ అంటే గ్రౌండ్, ఎల్ఈడీ తెర, దూరంగా చీమంత సింగర్. ఇక్కడ గిటారిస్ట్ కాలి చెప్పు తెగిందని కూడా కనబడుతోంది. డ్రమ్ సెట్ లేదు. ఒకాయన చెక్కపెట్టె మీద కూర్చుని దాన్నే వాయిస్తున్నాడు. కహోన్ అంటారట. పలక మధ్యలో అరచేత్తో కొడితే ‘డుం’ అంటుంది, పై అంచు మీద వేళ్లతో కొడితే ‘టప్’ అని, డ్రమ్ సెట్‌లో ఉండే స్నేర్ డ్రమ్ లాగా పలుకుతుంది. లోపల తీగలు బిగించి ఉంటాయి. డ్రమ్ సెట్ పెడితే అంత చిన్న చోట గొంతు వినబడదని ఇది వాడతారట.

హోస్ట్: పాటలు నచ్చాయా మరి?

గెస్ట్: మొదటి రెండూ నచ్చలేదు. గిటార్ శ్రుతి కుదర్లేదు, మైకు కీచుమంటోంది. మూడో పాటకు గిటార్ సన్న తీగ తెగింది. సింగర్ ఆపలేదక్కా! కహోన్ ఒక్కదాని మీదే పాడుకుంటూ పోయింది. ముందు వరసలో వాళ్లు చప్పట్లతో తాళం అందుకున్నారు. గిటారిస్ట్ పక్కన కూర్చుని కొత్త తీగ ఎక్కించి, బిరడా తిప్పుకుంటూ, సరిగ్గా చివరి చరణానికి లేచాడు. మిగతా పాట నాకు గుర్తే లేదు గానీ ఆ చరణం మాత్రం ఇప్పటికీ పాడగలను.

హోస్ట్: పాడొద్దు, కాపీరైట్.

గెస్ట్: (నవ్వు) నా గొంతుకు కాపీరైట్ అవసరం లేదక్కా. కానీ ఆ రోజే ఇంకోటి కూడా జరిగింది. వాళ్లు సొంత పాట మొదలుపెట్టబోతుంటే వెనక నుంచి ఒకడు అరిచాడు, ‘అన్నా, ఏదైనా సినిమా పాట కొట్టన్నా!’ అని. సింగర్ నవ్వి, ‘చివర్లో’ అంది. ప్రతి ప్రోగ్రామ్‌లోనూ ఉంటాడు ఇలాంటివాడు ఒకడు. నాకు మండుతుంది.

హోస్ట్: వాణ్ని ఒక్కణ్ని అని ఏం లాభం? మనందరం జాతర స్టేజీల దగ్గర పెరిగినవాళ్లమే. మా ఊళ్లో ఆర్కెస్ట్రా వస్తే చీటీ మీద పాట పేరు రాసి, దానికో నోటు జతచేసి పైకి పంపేవాళ్లు. యాంకర్ ఆ పేరు చదివితే వాడికి అదో గొప్ప. పాట అడిగి పాడించుకోవడం మనకు అలవాటు.

గెస్ట్: చీటీతో పాటు నోటైనా ఇచ్చేవాళ్లు కదక్కా! ఇక్కడ టికెట్ మూడొందలు అంటేనే ‘ఫ్రీ కాదా’ అంటారు.

హోస్ట్: అదీ నిజమే.

గెస్ట్: చౌరస్తా బ్యాండ్‌నే చూడండి. జానపదానికి రెగ్గే అనే జమైకా సంగీతం కలిపి తెలుగులో సొంత పాటలు చేశారు. రామ్ మిరియాల ముందు ఆ బ్యాండ్‌లోనే పాడేవాడు. కానీ 2021లో ‘జాతిరత్నాలు’ సినిమాలో ‘చిట్టి’ పాడాకే మా హాస్టల్లో వాళ్లకి ఆయనెవరో తెలిసింది. మలయాళంలో అవియల్ బ్యాండ్ 2008లోనే మొత్తం మలయాళం రాక్ ఆల్బమ్ తెచ్చింది. కేరళదే ఇంకో బ్యాండ్ థైక్కుడం బ్రిడ్జ్ సంగతి సరే సరి. మనకెందుకు లేదు అలా?

హోస్ట్: ఇక్కడ నేను ఒప్పుకోను తమ్ముడూ. సినిమా కాని పాట తెలుగులో లేదనకు. యూట్యూబ్‌లో తెలంగాణ ఫోక్ పాటలకు కోట్లలో వ్యూస్ వస్తున్నాయి. పెళ్లి బరాత్‌లో అవే మోగుతున్నాయి. వాళ్లు ఏ సినిమా కోసమూ ఆగలేదు.

గెస్ట్: ఒప్పుకుంటా. కానీ ఆ పాట రాసినవాళ్లు, పాడినవాళ్లు నా ఎదురుగా కూర్చుని పాడే చోటు ఎక్కడుంది? అది వీడియోగా పుడుతుంది, డీజే బాక్సులో మోగుతుంది. వాళ్లను కూడా ఇలాంటి చిన్న చోట, మైకు లేకుండా వినాలని ఉంది నాకు.

హోస్ట్: ఇది బాగుంది. ఎవరైనా ఏర్పాటు చేస్తే నేను ముందు వరసలో కూర్చుంటా. డబ్బుల సంగతి చెప్పు. బ్యాండ్లకు మిగిలేదేంటి?

గెస్ట్: బేస్ గిటార్ వాయించే ఒక అన్నతో మాట్లాడా. పబ్బులో సినిమా పాటలు, ఇంగ్లిష్ హిట్లు వాయిస్తే ఇంత అని మాట్లాడుకుని ఇస్తారు. సొంత పాటలైతే గేటు దగ్గర వచ్చినదాంట్లో వాటా. అది నలుగురు పంచుకోవాలి, ప్రాక్టీస్ చేసే జామ్ ప్యాడ్‌కు గంటల లెక్కన అద్దె కట్టాలి, గిటార్ యాంప్లిఫయర్‌తో సహా క్యాబ్‌లో రావాలి. ‘శుక్రవారం కవర్స్, అంటే వేరేవాళ్ల పాటలు వాయించి, ఆ డబ్బుతో శనివారం మా పాటలు వాయిస్తాం’ అన్నాడు. అంటే ఆ సినిమా పాటే వీళ్ల సొంత పాటను పోషిస్తోందన్నమాట. అది విన్నాక వెనక నుంచి అరిచేవాడి మీద కోపం కాస్త తగ్గింది. కాస్తే!

హోస్ట్: మరి రాత్రి తిరుగు ప్రయాణం? హాస్టల్ గేటు?

గెస్ట్: మరీ ఆలస్యం కాదక్కా, పాటలు పదికే ఆపేస్తారుగా. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా బయట లౌడ్‌స్పీకర్ పెట్టకూడదని 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనలు. జూబ్లీహిల్స్ పబ్బుల మీద చుట్టుపక్కల ఇళ్లవాళ్లు హైకోర్టుకు వెళ్తే, 2022లో అక్కడ కూడా పది తర్వాత మ్యూజిక్ వద్దంది కోర్టు. అందరూ తిట్టుకున్నారు గానీ, పక్కింట్లో పరీక్షకు చదివే పిల్లలుంటే? నాకు పరీక్షలప్పుడు హాస్టల్ పక్కన ఫంక్షన్ హాల్ టార్చర్ తెలుసు. అసలు తప్పు ఏడున్నర అని టికెట్ మీద వేసి ఎనిమిదిన్నరకు మొదలుపెట్టడం. చివరి రెండు పాటలు ఎప్పుడూ ఎగిరిపోతాయి. ఆ చివరి రెండే కొత్త పాటలుంటాయి!

హోస్ట్: కొత్తగా వెళ్లాలనుకునేవాళ్లకు ఏం చెప్తావు?

గెస్ట్: మొదట వాయించేవాళ్లను మిస్ కావొద్దు. వాళ్లకు జనం ఉండరు, కుర్చీలకే పాడుతుంటారు పాపం. స్పీకర్‌కు ఎదురుగా నిలబడొద్దు, రెండ్రోజులు చెవిలో కీచురాయి మోగుతుంది. పాటంతా ఫోన్‌లో తీయొద్దు. ఒక ముక్క తీసి బ్యాండ్‌ను ట్యాగ్ చేస్తే వాళ్లకూ ఉపయోగం. ఇంక సినిమా పాట అడగాలనిపిస్తే అడగండి, కానీ వాళ్ల పాటలు అయిపోయాక.

హోస్ట్: నీకు బ్యాండ్ పెట్టాలని లేదా?

గెస్ట్: నాకు తాళం నిలవదక్కా. చప్పట్లు కొట్టినా పక్కవాళ్లు నన్ను చూసి ఆపేస్తారు. వినేవాళ్లు కూడా కావాలి కదా, ఆ పోస్టు నాది.

హోస్ట్: ఈ శనివారం ఏమైనా ఉందా?

గెస్ట్: ఉంది. ఏడింటికి అన్నారు.

హోస్ట్: అంటే ఎనిమిదికి వస్తా. నాకూ ఒక టికెట్ తీసిపెట్టు.

గెస్ట్: ఏడింటికే రండక్కా, ప్లీజ్. మొదటి బ్యాండ్ మా జూనియర్లదే.