ఎక్కడా రాసి ఉండని సిలబస్: నలభై దాటాక ఆటిజం, మళ్లీ యూనివర్సిటీ

హోస్ట్: నమస్కారం. ఈ ఎపిసోడ్‌లో నాతో మాట్లాడుతున్న అక్క ఇప్పుడు స్టాటిస్టిక్స్‌లో పీజీ చేస్తున్నారు. నలభై దాటాక ఆటిజం ఉందని తేలింది. ఆ తర్వాతే మళ్లీ యూనివర్సిటీలో చేరారు. పేరు వద్దన్నారు కాబట్టి అక్కా అనే పిలుస్తాను. అక్కా, అందరికీ వచ్చే సందేహమే ముందు అడుగుతాను. చిన్నప్పుడు ఎవరూ ఎందుకు గుర్తించలేదు?

అతిథి: గుర్తించే పరిస్థితే లేదు తమ్ముడూ. మానసిక సమస్యల్ని ఏ లక్షణాలతో గుర్తించాలో చెప్తూ అమెరికా సైకియాట్రిస్టుల సంఘం వేసే డీఎస్ఎం పుస్తకంలో ఆటిజానికి విడిగా చోటు దొరికిందే 1980లో. అదీ పసితనంలో బయటపడే సమస్యగా. మాటలు బాగా వచ్చి, చదువులో ముందుండే పిల్లల్లో కూడా ఇది ఉండొచ్చని లోర్నా వింగ్ అనే బ్రిటిష్ డాక్టరు 1981లో రాశారు. అలాంటివాళ్లకి వాడిన ఆస్పర్గర్ అన్న పేరు డీఎస్ఎం పుస్తకంలోకి రావడానికి 1994 దాకా పట్టింది. అప్పటికి నా స్కూలు చదువు దాదాపు అయిపోయింది. క్లాసులో అల్లరి చెయ్యకుండా, మార్కులు తెచ్చుకుంటూ ఓ మూల కూర్చునే ఆడపిల్లని ఎవరు డాక్టరు దగ్గరికి తీసుకెళ్తారు? నెమ్మదస్తురాలు అన్నారు, ఊరుకున్నారు.

హోస్ట్: మరి ఇన్నేళ్ల తర్వాత ఎలా తెలిసింది?

అతిథి: 2013లో వచ్చిన డీఎస్ఎం-5లో ఒక మాట ఉంది. లక్షణాలు చిన్నప్పటి నుంచే ఉంటాయి, కానీ మనిషి నేర్చుకున్న పద్ధతులతో వాటిని కప్పేసుకోవచ్చు, మీద పడే బరువు తన శక్తిని మించినప్పుడే అవి పూర్తిగా బయటపడొచ్చు అని. నా విషయంలో అక్షరాలా అదే జరిగింది. ఉద్యోగంలో టీమ్‌ని చూసుకునే బాధ్యత ఇచ్చారు. రోజంతా మీటింగులు, మనుషుల మధ్య సర్దుబాట్లు. అప్పటిదాకా నన్ను నెట్టుకొచ్చిన పద్ధతులేవీ చాల్లేదు. డిప్రెషన్ అనుకుని వెళ్తే, ఆ డాక్టరే ఆటిజం పరీక్షకి పంపారు. శబ్దం, వెలుతురు, బట్టల ఒరిపిడి లాంటివి తట్టుకోలేకపోవడాన్ని లక్షణాల జాబితాలో చేర్చింది కూడా 2013లోనే. అంతకు ముందు వెళ్లి ఉంటే, ట్యూబ్‌లైట్ చప్పుడు నాకు వినిపిస్తుందని చెప్పినా ఎవరూ రాసుకునేవారు కాదేమో.

హోస్ట్: పెద్దవాళ్లకి ఆ పరీక్ష ఎలా చేస్తారు?

అతిథి: మాట్లాడిస్తారు, కొన్ని పనులు చేయిస్తారు, ఎలా చేస్తున్నామో గమనిస్తారు. ఏడాస్-2 అని ఒక పద్ధతి ఉంది, అందులో నాలుగో మాడ్యూల్, అంటే నాలుగో భాగం, మాటలు బాగా వచ్చిన పెద్ద టీనేజర్ల కోసం, పెద్దవాళ్ల కోసం. దాంతోపాటు బాల్యం గురించి అడుగుతారు. అమ్మానాన్నలు ఉంటే వాళ్లతో మాట్లాడతారు. లేకపోతే పాత ప్రోగ్రెస్ కార్డులు కూడా పనికొస్తాయి. మార్కులు కాదు, టీచరు కింద రాసే రెండు ముక్కలుంటాయి చూడు, "తెలివైనది, ఎవరితోనూ కలవదు" అని, అవి. వినేవాళ్లలో ఎవరికైనా పరీక్ష ఉంటే ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. రిపోర్టులో ఆటిజం ఉంది అని మాత్రమే రాసి వదిలెయ్యకుండా, చదువులో ఏ పని దగ్గర ఇబ్బంది వస్తుందో కూడా రాయమని డాక్టర్ని అడగండి. తర్వాత యూనివర్సిటీలో మీ తరఫున మాట్లాడేది ఆ పేరాయే.

హోస్ట్: డిగ్రీ అంతకు ముందే ఒకసారి చేశారు కదా. ఇప్పుడు వచ్చిన తేడా ఏంటి?

అతిథి: పాఠాలు నాకు అప్పుడూ కష్టం కాదు, ఇప్పుడూ కాదు. ఏ యూనివర్సిటీలోనైనా రెండు సిలబస్‌లు ఉంటాయి. ఒకటి ముద్రించి ఇస్తారు. రెండోది ఎక్కడా రాసి ఉండదు. ప్రొఫెసర్ గదికి ఎప్పుడు వెళ్లొచ్చు, వెళ్లి మొదటి వాక్యం ఏం మాట్లాడాలి, సెమినార్‌లో ఇద్దరు మాట్లాడుకుంటుంటే మూడోవాళ్లు ఏ క్షణంలో అందుకోవాలి, "ఎప్పుడైనా రండి" అంటే నిజంగా ఎప్పుడైనానా? మిగతావాళ్లు దీన్ని గాలి పీల్చినంత సులువుగా పట్టేస్తారు. మొదటిసారి చదివినప్పుడు నేను పక్కవాళ్లని చూసి కాపీ చేస్తూ బతికాను. సాయంత్రానికి ఒంట్లో ఓపిక ఉండేది కాదు. దాన్ని మాస్కింగ్ అంటారని అప్పట్లో తెలీదు. ఇప్పుడు ఆ రెండో సిలబస్‌ని కూడా రాసిమ్మని అడుగుతున్నాను. తేడా అదొక్కటే, కానీ చాలా పెద్ద తేడా.

హోస్ట్: రాసిమ్మంటే ఇస్తారా?

అతిథి: అడిగే పద్ధతిని బట్టి ఉంటుంది. యూనివర్సిటీలో వికలాంగ విద్యార్థుల ఏర్పాట్లు చూసే డిజబిలిటీ ఆఫీసుకి "నాకు ఆటిజం ఉంది, సహాయం చెయ్యండి" అని మెయిల్ పెడితే, అవతల కూర్చున్న మనిషికి ఏం చెయ్యాలో తెలీదు. మంచివాళ్లే అయినా తెలీదు. అందుకని ఇబ్బందినీ, దానికి కావాల్సిన ఏర్పాటునీ పక్కపక్కనే పెట్టి రాయాలి. నేను పెట్టిన మెయిల్లో ఇలా ఉంటుంది: "వినడం, రాసుకోవడం రెండూ ఒకేసారి చెయ్యలేను. కాబట్టి స్లైడ్లు క్లాసుకి ముందు రోజు కావాలి. పెద్ద హాల్లో పేజీలు తిప్పే చప్పుడుకి ప్రశ్న బుర్రకెక్కదు. కాబట్టి పరీక్షకి చిన్న గది కావాలి. నోటితో చెప్పిన మార్పులు నాకు గుర్తుండవు. కాబట్టి అసైన్‌మెంట్ గడువు మారితే రాతపూర్వకంగా తెలపాలి." ఒక్కో ఇబ్బందికి రెండే వాక్యాలు, నా జీవిత కథ అక్కర్లేదు. చివర ఒక ప్రశ్న కూడా పెట్టాను: వీటిలో ఏది కుదరదో, దానికి బదులు ఏం చేద్దామో ఫలానా తేదీలోపు చెప్పగలరా అని. ఆ తేదీ లేకపోతే మెయిల్ అలా పడి ఉంటుంది.

హోస్ట్: ఎవరూ అడ్డుచెప్పలేదా?

అతిథి: ఒక ప్రొఫెసర్ చెప్పారు. "రూల్ అందరికీ ఒకటే, నీకొక్కదానికి వేరే గదిస్తే మిగతావాళ్లకి అన్యాయం కదా" అన్నారు. చాలా బాధేసింది. ఎందుకంటే ఆ మాటే నేనూ లోపల ఎన్నోసార్లు అనుకున్నాను. కానీ ఆ పరీక్ష కొలవాల్సింది ఏంటి? నాకు రిగ్రెషన్ అనే స్టాటిస్టిక్స్ పద్ధతి వచ్చా రాదా అని. అరవైమంది మధ్య చప్పుడు తట్టుకోగలనా లేదా అని కాదు. చిన్న గదిలో కూర్చున్నంత మాత్రాన రాని లెక్క వచ్చెయ్యదు. ఐక్యరాజ్యసమితి 2006లో వికలాంగుల హక్కుల ఒప్పందాన్ని ఆమోదించింది. దాని 24వ అధికరణం చదువు గురించి. ఉన్నత విద్యతోపాటు పెద్దయ్యాక చదివే చదువుల్లో కూడా వివక్ష ఉండకూడదని, తగిన ఏర్పాట్లు చెయ్యాలని అందులో స్పష్టంగా ఉంది. అది దయ కాదు, హక్కు. ఈ మాట నేను గట్టిగా చెప్తాను, ఎందుకంటే ఆలస్యంగా తెలిసినవాళ్లం అడగడానికే సిగ్గుపడతాం. ఇన్నాళ్లూ ఏ సాయం లేకుండానే నెట్టుకొచ్చాం కదా అనుకుంటాం. నెట్టుకురావడానికి ఒంట్లోంచి, మనసులోంచి ఎంత పోయిందో ఎవరూ లెక్క రాయలేదు కదా.

హోస్ట్: గ్రూప్ ప్రాజెక్టుల సంగతేంటి? నాకే టెన్షన్ అవి.

అతిథి: అక్కడే ఆ రెండో సిలబస్ మొత్తం బయటికొస్తుంది. చాట్‌లో ఒకరు "వీకెండ్‌లోపు ఎవరి పార్ట్ వాళ్లు చూసుకుందాం" అన్నారు. అందరూ బొటనవేలు గుర్తు పెట్టారు. నేను ఫోన్ చూస్తూ కూర్చున్నాను. నా పార్ట్ ఏది? వీకెండ్ అంటే శనివారం పొద్దునా, ఆదివారం రాత్రా? చూసుకోవడం అంటే చదవడమా, రాసెయ్యడమా? ఒక పేజీ తయారుచేశాను. ఎవరు, ఏ భాగం, ఏ ఫైల్లో, ఏ రోజు ఎన్ని గంటలకి. తప్పుంటే దిద్దండి అని పెట్టాను. అప్పుడు బయటపడిందేంటంటే, డేటా శుభ్రం చేసే పని ఎదుటివాళ్లది అని ఇద్దరు అనుకుంటున్నారు! నాకు అర్థం కానిది వాళ్లకీ అర్థం కాలేదు, వాళ్లకి అది పట్టలేదు, అంతే. డేమియన్ మిల్టన్ అని ఒక సోషియాలజిస్టు ఉన్నారు, ఆయనకీ ఆటిజం ఉంది. 2012లో ఆయన ఒక వాదన ముందుపెట్టారు. ఆటిజం ఉన్నవాళ్లకి ఎదుటివాళ్లు అర్థం కారు అంటాం గానీ, ఎదుటివాళ్లకి కూడా వీళ్లు అర్థం కారు, కాబట్టి లోటు ఒకవైపే లేదు అని. ఆ ప్రాజెక్టు చేశాక ఆ వాదన నాకు బాగా ఒంటబట్టింది.

హోస్ట్: ఒక సెమిస్టర్‌కి ఎన్ని సబ్జెక్టులు తీసుకుంటున్నారు?

అతిథి: తోటివాళ్లకంటే తక్కువే. యూనివర్సిటీ ఒప్పుకుంటే అదే చెయ్యండి. 2005లో డైనా ముర్రే, ఆమెతో కలిసి పనిచేసినవాళ్లు మోనోట్రోపిజం అని ఒక ఆలోచన రాశారు. ఆటిజం ఉన్న మనసు ఒక సమయంలో కొన్ని విషయాల్లోకే లోతుగా దిగుతుంది, అందులోంచి బయటికి లాగి ఇంకోదాంట్లో పెట్టడానికి చాలా ఖర్చవుతుంది అని. పొద్దున ప్రాబబిలిటీ, గంటకే ఇంకో గదిలో ఇంకో సబ్జెక్టు అంటే నాకు రెండూ పోతాయి. ఒక రోజుకి ఒక సబ్జెక్టు ఉండేలా టైమ్‌టేబుల్ పెట్టుకుంటే అదే మనసు గంటల తరబడి కదలకుండా పనిచేస్తుంది. ఇంకో సంగతి, ఆటిస్టిక్ బర్నవుట్ అంటారు. నెలల తరబడి వదలని అలసట, మామూలుగా వచ్చే పనులు కూడా రాకుండా పోవడం, చిన్న శబ్దం కూడా భరించలేకపోవడం. 2020లో డోరా రేమేకర్, మరికొందరు పరిశోధకులు దాన్ని వివరంగా రాశారు. రెండు రోజులు పడుకుంటే పోయేది కాదు. ఒక సెమిస్టర్ ఎక్కువ పట్టినా పరవాలేదు, అందులోకి జారొద్దు.

హోస్ట్: ఒక శ్రోత అడిగారు. క్లాసులో అందరికీ చెప్పాలా, వద్దా?

అతిథి: అందరికీ చెప్పాల్సిన పని లేదు. ఆఫీసుకి చెప్పడం వేరు, క్లాసుకి చెప్పడం వేరు. తోటివాళ్లకి ఆటిజం అన్న మాటతో పనిలేకుండా "నాకు చాట్‌లో రాసిపెడితే సులువు" అంటే చాలు, చాలామంది కారణం కూడా అడగరు. ఒకరిద్దరు దగ్గరయ్యాక చెప్పాలనిపిస్తే చెప్పండి. వాళ్లకంటే ఇరవయ్యేళ్లు పెద్దదాన్ని కాబట్టి నన్ను ఎలాగూ కొంచెం వేరుగానే చూస్తారు, అది నాకు ఒక రకంగా హాయిగా ఉంది.

హోస్ట్: ఇంకా ఆటిజం పరీక్ష కాలేదు, రిపోర్టు కాగితం చేతిలో లేదు, కానీ వచ్చే సెమిస్టర్‌లో చేరుతున్నారు. వాళ్లేం చెయ్యాలి?

అతిథి: కాగితం వచ్చేదాకా ఆగొద్దు. పరీక్షకి చిన్న గది లాంటివాటికి రిపోర్టు అడుగుతారు, నిజమే. పైగా జరిగిపోయిన పరీక్షలకి అవి మామూలుగా వర్తించవు, అందుకే ఆటిజం పరీక్ష తేదీ కోసం ఇప్పుడే పేరు నమోదు చేయించుకోండి. స్లైడ్లు ముందు పెట్టమని అడగడానికి, నోటితో చెప్పింది మెయిల్లో ఖాయం చేసుకోవడానికి మాత్రం ఏ కాగితమూ అక్కర్లేదు. ప్రొఫెసర్ గది బయట మాట్లాడి వచ్చాక వెంటనే "మీరు చెప్పింది నాకు ఇలా అర్థమైంది" అని మూడు లైన్లు రాసి పంపండి. తప్పుంటే వాళ్లే దిద్దుతారు. క్లాసులు మొదలవకముందే ఒకసారి ఆ గదులన్నీ తిరిగి రండి. ఏ లైటు మోగుతోంది, ప్రొజెక్టర్ ఎక్కడుంది, తలుపుకి దగ్గరగా ఏ కుర్చీ ఉంది, మధ్యలో లేచి వెళ్లాలంటే ఎటు వెళ్లాలి, అన్నీ చూసుకోండి. మొదటి రోజు కాస్త ముందే వెళ్లి ఆ కుర్చీలో కూర్చోండి.

హోస్ట్: చాలా థాంక్స్ అక్కా. మీరు చెప్పిన మెయిల్ నమూనా ఎపిసోడ్ కింద పెడతాను. ఇంకా ప్రశ్నలుంటే పంపండి, అక్క మళ్లీ వస్తానన్నారు.