రాడార్ చిత్రంలో చుక్కల చాటున పడవలు

నమస్కారం. 1991 జులైలో ఐరోపా అంతరిక్ష సంస్థ ఈఆర్‌ఎస్-1 రాడార్ ఉపగ్రహాన్ని ప్రయోగించిన తొలి సంవత్సరాలలోనే నేను విశాఖపట్నంలో రాడార్ చిత్రాల ప్రాసెసింగ్ పనిలో అడుగుపెట్టాను. టేపు మీద వచ్చిన ముడి సంకేతాన్ని తెర మీదకు తెస్తే అందులో కొండా కనిపించేది కాదు, కడలీ కనిపించేది కాదు. ఒక్క ఓడ నుంచి తిరిగివచ్చిన ప్రతిధ్వని కూడా రాడార్ పంపిన వందలాది పల్సులలో, అంటే చిన్న చిన్న రేడియో తరంగ తునకలలో, చెదిరి ఉంటుంది. ఉపగ్రహం సాగిపోతున్నకొద్దీ డాప్లర్ ప్రభావం వల్ల ఆ ప్రతిధ్వనుల పౌనఃపున్యం ఎలా మారుతుందో లెక్కగట్టి, వాటన్నిటినీ ఒక్కచోటికి చేరిస్తేనే చిత్రం ఏర్పడుతుంది.

అలా ఏర్పడిన చిత్రంలో విశాఖ పక్కనున్న యారాడ కొండలు ఉపగ్రహం వైపు ఒరిగిపోయినట్లు కనిపిస్తాయి, ఎందుకంటే శిఖరం నుంచి వచ్చే ప్రతిధ్వని పాదం నుంచి వచ్చేదానికంటే ముందే చేరుతుంది. ఓడ సొంత కదలిక ఆ డాప్లర్ లెక్కను తప్పించడం వల్ల, రేవు వైపు వస్తున్న ఓడ ఒకచోట, అది నీటిలో వదిలిన చార మరొకచోట ఉంటాయి. ఉపగ్రహానికి దగ్గరవుతూనో దూరమవుతూనో ఓడకు సెకనుకు 2 మీటర్ల వేగం ఉన్నా చాలు, ఈఆర్‌ఎస్-1 చిత్రంలో అది 200 మీటర్లకు పైగా పక్కకు జరుగుతుంది. చూడటానికి లోపంలా తోచే ఆ జరుగుబాటును కొలిస్తే ఓడ వేగమే తెలుస్తుంది. ఈ వృత్తి మీద నాకు మమకారం కలిగించింది అదే.

ఇక స్పెకిల్ సంగతి. ఒక్క పిక్సెల్ పరిధిలోని అనేక వస్తువుల నుంచి వచ్చిన తరంగాలు ఒకచోట కలిసి బలపడి, మరొకచోట ఒకదాన్నొకటి రద్దుచేసుకోవడం వల్ల చిత్రమంతా ఇసుక చల్లినట్లు ఉంటుంది. ఇరుగుపొరుగు పిక్సెళ్ల సగటు తీస్తే సముద్రం నున్నగా మారుతుంది కానీ, ఫిషింగ్ హార్బర్ నుంచి బయలుదేరిన చిన్న చెక్క పడవల బలహీనమైన మెరుపు కూడా దానితోపాటే కొట్టుకుపోతుంది. 1980లో జాంగ్-సెన్ లీ అనే పరిశోధకుడు ప్రతిపాదించిన వడపోత ఇందుకు భిన్నమైనది. స్పెకిల్ తీవ్రత వెలుగుతోపాటే పెరుగుతుందన్న సంగతిని లెక్కలోకి తీసుకుని, అది చుట్టుపక్కల హెచ్చుతగ్గులు మామూలుగా ఉన్నచోట సగటు తీసి, అసాధారణంగా ఉన్నచోట పిక్సెల్‌ను దాదాపు యథాతథంగా వదిలేస్తుంది. నున్నదనం కోసం పడవను పోగొట్టుకున్న చిత్రం ఎంత అందంగా ఉన్నా పనికిరాదని నా దృఢమైన అభిప్రాయం.

2025 జులై 30న శ్రీహరికోట నుంచి ఎగిసిన నాసా-ఇస్రోల ఉమ్మడి రాడార్ ఉపగ్రహం నైసార్ ఎల్, ఎస్ అనే రేడియో తరంగ బ్యాండ్‌లు రెండింటిలోనూ పనిచేస్తుంది, అయినా స్పెకిల్ దానినీ వదలదు. అందుకే ఈ రంగంలోకి వచ్చే విద్యార్థులకు నేను ముందుగా ఒక పరీక్ష నేర్పుతాను: అసలు చిత్రాన్ని వడపోసిన చిత్రంతో పిక్సెల్ పిక్సెల్‌కూ భాగించండి. మిగిలినది వట్టి చుక్కల మయమైతే వడపోత సరైనదే. అందులో ఒడ్డు గీతో, పడవ ఆకారమో కనిపిస్తే, దాన్ని మీరు చిత్రం నుంచి తీసేశారని అర్థం.