ఇంజన్ ఫ్యాక్టరీ వచ్చింది, పక్కన షెడ్లు రాలేదు

అందరికీ నమస్కారం. జయపురంలో మన తెలుగు సంఘం మీటింగ్ అంటే పులిహోర, ఉగాది పాటలు అనుకుని వచ్చినవాళ్లు నన్ను క్షమించాలి. ఈసారి కమిటీవాళ్లు నాకిచ్చిన టాపిక్, "ఖర్చు తక్కువ ఉన్న మన ఒడిశా రాష్ట్రానికి విమాన కంపెనీలను రప్పించడం ఎలా" అని. నేను ఎకనామిక్స్ చదవలేదు. సెమిలిగుడలో నాలుగు లేత్‌లు, కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మెషిన్ ఒకటి ఉన్న షెడ్డు నడుపుకుంటున్నాను, అంతే. అందుకే స్లైడ్లు తేలేదు, ఒక స్టీలు బుష్, అంటే తిరిగే ఇరుసుకి తొడిగే చిన్న గొట్టం లాంటి ముక్క, తెచ్చాను. ముందు వరసలో మాస్టారి దగ్గర మొదలుపెట్టి అందరూ చేతిలోకి తీసుకుని చూడండి. దాని కథ తర్వాత చెబుతాను.

ముందు మన ఊరి కథ. 1962లో మిగ్-21 యుద్ధ విమానాల కోసం సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరాక ఆ పనిని మూడు చోట్లకి పంచారు. బాడీ నాసిక్ దగ్గరికి వెళ్లింది, ఎలక్ట్రానిక్స్ హైదరాబాద్‌కి, ఇంజన్ మన కోరాపుట్ జిల్లా సునాబెడకి. అప్పుడు ఒడిశా ముఖ్యమంత్రి బిజూ పట్నాయక్, ఆయన స్వయంగా పైలట్. సరిహద్దులకి, సముద్రానికి దూరంగా కొండల మధ్య ఉంటే శత్రువుకి అందదన్న లెక్కా ఉంది. అంతేగాని కోరాపుట్‌లో కూలీ చవక అని ఎవరూ ఇక్కడికి రాలేదు, అది గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు హైదరాబాద్ వెళ్లి బాలానగర్ చూడండి, తర్వాత సునాబెడ గేటు బయట చూడండి. ఒకే ఒప్పందం, ఒకే కాలం. అక్కడ ప్రభుత్వ విమాన కంపెనీ హెచ్‌ఏఎల్ పక్కన (మన ఇంజన్ ఫ్యాక్టరీ కూడా వాళ్లదే) 1968లో టూల్ డిజైన్ ఇన్‌స్టిట్యూట్ వచ్చింది, మనం సీఐటీడీ అంటాం. ఊరికి ఇంకో పక్క క్షిపణులు డిజైన్ చేసే డీఆర్‌డీఎల్, వాటిని తయారుచేసే బీడీఎల్, ప్రత్యేకమైన లోహాలు తయారుచేసే మిధాని వచ్చాయి. వాళ్ల పని బయటికి వచ్చిన కొద్దీ గల్లీకో షెడ్డు లేచింది, ఒక షెడ్డులో టర్నర్‌గా చేసినవాడు పదేళ్లకి సొంత షెడ్డు పెట్టాడు. ఆ చేతులు ఉన్నాయి కాబట్టే హైదరాబాద్ పక్కన ఆదిభట్లలో అపాచీ హెలికాప్టర్ల బాడీలు తయారవుతున్నాయి. మన దగ్గర గేటు బయట ఏముంది? టీ కొట్లు, టిఫిన్ సెంటర్లు, బైకు రిపేర్ షాపులు. తప్పుగా అనడం లేదు, ఆ టీ తాగే పెరిగాను. కానీ ఫ్యాక్టరీ వచ్చి అరవై ఏళ్లు దాటింది. మిగ్-21 రిటైరైపోయింది కూడా, 2025 సెప్టెంబర్‌లో చండీగఢ్‌లో సాగనంపారు.

దీనికి నా లెక్క ఇది. సునాబెడలో పోత నుంచి టెస్టింగ్ దాకా చాలావరకు గోడ లోపలే చేసుకున్నారు, క్వార్టర్లు, స్కూలు, ఆస్పత్రి అన్నీ లోపలే. ఆ రోజుల్లో ఈ కొండల మీద బయట ఇంకేమీ లేదు కాబట్టి వాళ్లకి వేరే దారి లేదు. కానీ ఆ అలవాటు అలాగే ఉండిపోయింది. బయట మనకేమో ఆ పని చేతకాదు, చేతకాదు కాబట్టి ఇవ్వరు, ఇవ్వరు కాబట్టి నేర్చుకోం.

ఆ బుష్ ఎక్కడిదాకా వచ్చింది? సరే. కొన్నేళ్ల కిందట, పేరు చెప్పను, విమాన పార్టులు కొనే ఒక కంపెనీ నాకు నలభై బుష్‌లు ట్రయల్ ఆర్డర్ ఇచ్చింది. ఎగిరి గంతేశాను. స్టీలు రాడ్డు తెప్పించాను, దానికి టెస్ట్ సర్టిఫికెట్ కూడా వచ్చింది. రాడ్డు కొసన ఒక నంబర్ పంచ్ చేసి ఉంటుంది, హీట్ నంబర్ అంటారు, ఆ స్టీలు ఏ కొలిమి పోతలోంచి వచ్చిందో చెప్పే నంబర్. మా కుర్రాడు రాడ్డుని ఆ నంబర్ ఉన్న వైపు నుంచే కోయడం మొదలుపెట్టాడు. మొదటి ముక్క లేత్ మీద తిరిగింది, నంబర్ చిప్పుల్లో కలిసి తుక్కులోకి పోయింది. ఎవరికీ పట్టలేదు, నాకూ పట్టలేదు.

వాళ్ల ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. మైక్రోమీటర్ పెట్టాడు, కొలతలు అన్నీ కరెక్ట్. ఫినిష్ చూసి బాగుందన్నాడు కూడా. తర్వాత ఒక్క బుష్ చేతిలోకి తీసుకుని, "ఇది ఏ రాడ్డులోది?" అన్నాడు. ఆ మూలనున్న రాడ్డు అని చూపించాను. "దాని మీద నంబర్ ఏది?" అన్నాడు. లేదు. నలభై బుష్‌లూ రిజెక్ట్. మా అమ్మకి చెబితే "ఏటి బాబూ, కొలత సరిపోయాక ఇంకేటి కావాలి ఆళ్లకి?" అంది. ఆ రాత్రి నాదీ అదే ప్రశ్న. ఇప్పుడైతే ఆయన చేసిందే రైట్ అంటాను. పదేళ్ల తర్వాత ఎక్కడో ఒక బుష్ పగిలితే, అదే పోతలోంచి వచ్చిన మిగతా ముక్కలు ఏ విమానాల్లో ఉన్నాయో ఆ నంబర్‌తోనే వెతకాలి. నంబర్ లేని ముక్క ఎంత బాగున్నా గుజరీకే.

ఇక టాపిక్‌లో ఉన్న "ఖర్చు తక్కువ" అనే మాటకొద్దాం. నేను ఆ ఆర్డర్‌కి కోట్ చేసినప్పుడు కూలీ మీద రేటు తగ్గించి గెలిచాననుకున్నాను. విమాన పార్టులో కూలీ వాటా తక్కువండీ. టైటానియం, నికెల్ మిశ్రమం లాంటి వాటిలో రాడ్డు ధరే ఎక్కువ, అందులోనూ చాలా వరకు చిప్పులుగా రాలిపోతుంది. కుర్రాడికి రోజుకి రెండొందలు తక్కువిచ్చి నెలంతా మిగుల్చుకున్నది, ఒక్క పార్టు స్క్రాప్ అయితే ఒక్క మధ్యాహ్నంలో పోతుంది. అందుకే "మా దగ్గర జీతాలు తక్కువ, రండి" అని బోర్డు పెడితే విమాన కంపెనీవాడు భయపడతాడు గాని ముచ్చటపడడు.

అమెరికాలో ఈ ఆట చాలా కాలంగా ఆడుతున్నారు. 2013లో వాషింగ్టన్ రాష్ట్రం బోయింగ్‌కి పదహారేళ్లలో దాదాపు 870 కోట్ల డాలర్ల పన్ను రాయితీకి చట్టం చేసింది. అయినా 787 విమానాల్ని చివరగా బిగించే పనిని ఆ కంపెనీ 2021లో మొత్తం సౌత్ కరోలినాకి తీసుకెళ్లిపోయింది. రాయితీ కోసం వచ్చినవాడు ఇంకో రాయితీ కోసం పోతాడు, దీనికి అమెరికా దాకా వెళ్లక్కర్లేదు, మన బజారులో అప్పు ఖాతాల వాళ్లని అడిగినా చెబుతారు. సౌత్ కరోలినాలో యూనియన్ల బలం తక్కువ, ఖర్చూ తక్కువ, నిజమే. కానీ అందరూ అక్కడే ఆగిపోతారు. ఆ రాష్ట్రానికి రెడీఎస్‌సీ అని ఒక సంస్థ ఉంది, కంపెనీకి కావాల్సిన మనుషులకి ప్రభుత్వ ఖర్చుతో ట్రైనింగ్ ఇచ్చి అప్పగిస్తుంది. అలబామాలో మొబైల్ అనే ఊళ్లో 2015లో ఎయిర్‌బస్ లైన్ మొదలైంది, అక్కడా రాష్ట్ర ట్రైనింగ్ సంస్థే కుర్రాళ్లని తయారుచేసింది. మెక్సికోలో కెరెటారో అనే రాష్ట్రం విమానాల కంపెనీ బొంబార్డియర్‌ని రప్పించి, 2007లో ఏకంగా విమాన పనులకే ఒక యూనివర్సిటీ పెట్టింది.

అంత ఎందుకు, బెళగావి చూడండి. మనలాగే సరిహద్దు జిల్లా, ఒక పక్క మరాఠీ, ఒక పక్క కన్నడ. అక్కడ ఏక్వస్ కంపెనీ సెజ్‌లో లోహాన్ని కాల్చి ఒత్తి రూపమిచ్చే ఫోర్జింగ్, కోసి కొలతకి తెచ్చే మెషినింగ్, పైన పూత వేసే సర్ఫేస్ ట్రీట్‌మెంట్, అన్నీ ఒకే కాంపౌండ్‌లో ఉన్నాయి. అక్కడి ముక్కలు ఎయిర్‌బస్ విమానాల్లోకి వెళ్తున్నాయి. మన దగ్గర నేను ఒక పార్టు చేస్తే వేడిచేసి గట్టిపరిచే హీట్ ట్రీట్‌మెంట్‌కి ఒక ఊరు, ప్లేటింగ్‌కి ఇంకో ఊరు, టెస్టింగ్‌కి మరో ఊరు. సుంకి దాటి సాలూరు ఘాట్ దిగి వైజాగ్, అక్కణ్ణించి హైదరాబాద్. ముక్క తయారవడానికి రెండు గంటలు, తిరగడానికి మూడు వారాలు.

భూమి చవక అనే మాట కూడా ఆలోచించి అనాలి. ఇది ఐదో షెడ్యూల్ జిల్లా. ఆదివాసీ భూమి ఆదివాసీ కాని వాడి చేతికి పోకుండా 1956 నుంచి రెగ్యులేషన్ ఉంది, ఉండాలి కూడా. కోలాబ్ డ్యామ్‌కి, దామన్‌జోడి అల్యూమినా ఫ్యాక్టరీకి, మన ఇంజన్ ఫ్యాక్టరీకి ఊళ్లు ఖాళీ చేసినవాళ్ల మనవలు ఇక్కడే ఉన్నారు. వాళ్లకి గేటు దగ్గర సెక్యూరిటీ ఉద్యోగం చాలనుకుంటే ఈ మీటింగ్ పెట్టుకోవడం దండగ. నాకు వంద ఎకరాలు వద్దు, విమాన పార్టుల పనికి వంద ఎకరాలు అక్కర్లేదు కూడా.

మనకి నిజంగా ఉన్న లాభాలు వేరే. దామన్‌జోడి అల్యూమినాకి వ్యాగన్లు కావాలి, రైలు కావాలి. నా పార్టులకి అట్టపెట్టె చాలు, వైజాగ్ బస్సు డిక్కీలో పోతాయి. కొలతలు తీసే గది ఇరవై డిగ్రీల్లో ఉండాలి, అది ప్రపంచమంతా ఒకటే రూలు. వైజాగ్‌లో ఏసీకి ఎంత బిల్లు వస్తుందో వాళ్లనే అడగండి, ఇక్కడ డిసెంబర్‌లో నేను హీటర్ పెట్టుకుంటాను! కరెంటు మాత్రం టెన్షనే. పక్కనే మాచ్‌ఖండ్‌లో పుట్టిన కరెంటు ఒడిశా, ఆంధ్ర రెండూ పంచుకుంటాయి, మన లైన్ మాత్రం జూలైలో ఉరుము ఉరిమితే పోతుంది. సీఎన్‌సీ కోత మధ్యలో కరెంటు పోతే టూల్ గీత పడుతుంది, ఆ ముక్క ఇక అంతే.

ఇంకో పెద్ద అవకాశం. 2024 సెప్టెంబర్‌లో సుఖోయ్-30 కోసం 240 ఇంజన్లకి రక్షణ శాఖ హెచ్‌ఏఎల్‌తో ఒప్పందం చేసుకుంది, 26 వేల కోట్ల పైన. ఎనిమిదేళ్లలో ఇవ్వాలి, తయారయ్యేది మన సునాబెడలోనే. అందులో స్వదేశీ వాటాని చివరికి 63 శాతం దాకా తీసుకెళ్తామన్నారు. అంటే రష్యా నుంచి వచ్చే ముక్కలు కొన్ని ఇక్కడ ఎవరో చేయాలి. ఆ ఎవరో బాలానగర్‌లో ఉంటాడా, సెమిలిగుడలో ఉంటాడా అన్నదే నా బాధ.

అందుకే కలెక్టర్ గారికి ఇవ్వబోయే అర్జీలో పన్ను రాయితీ లైన్ కొట్టేయమని కమిటీని అడుగుతున్నాను. దాని బదులు సునాబెడ దగ్గర ఒక కామన్ టెస్టింగ్ ల్యాబ్, హీట్ ట్రీట్‌మెంట్ ఫర్నేస్, విడిగా ఒక కరెంటు ఫీడర్ అడుగుదాం. ఐటీఐలో టర్నర్, ఫిట్టర్ ట్రేడ్లతో పాటు ఇన్‌స్పెక్షన్ నేర్పమందాం, రికార్డు రాయడం నేర్పమందాం. పాఠాలు తెలుగులో, ఒడియాలో, ఇక్కడి ఆదివాసీలు మాట్లాడే దేశియాలో, ఏ భాషలో చెప్పినా పర్లేదు, నంబర్లు ఒకటే కదా.

నా వంతుగా ఇద్దరు కుర్రాళ్లని పెట్టుకున్నాను, ఒకడు పొట్టంగి, ఒకడు నందపూర్. ఆరు నెలలు లేత్ ముట్టుకోనివ్వను. రాడ్డు రాగానే రిజిస్టర్ రాయాలి, కోసే ముందు నంబర్ రెండో కొసకి పంచ్ చేయాలి, అదే పని. నందపూర్ కుర్రాడు మొన్న నేను కోయబోతుంటే చేయి పట్టుకుని ఆపాడు, "సార్, నంబర్" అని.

సరే, ప్రశ్నలుంటే అడగండి. బుష్ వెనక వరసలో ఎవరి దగ్గరో ఆగిపోయింది, దయచేసి ఇటు పంపండి.