రెండు పానాలు, ఒక దారం: డీజిల్ ఇంజన్ పంపు మార్చుకోవడం

అందరికీ నమస్కారం. బావుల దగ్గర, కాలవ గట్ల మీద నడిచే సింగిల్ సిలిండర్ ఆయిల్ ఇంజన్ గురించే ఈరోజు మాట్లాడతాను. కొత్త కార్లలో వచ్చే కామన్ రైల్ అనే డీజిల్ పద్ధతి జోలికి పోను. దానికి కంప్యూటర్ కావాలి.

ఇంజన్ స్టార్ట్ కాకపోతే అందరూ ముందు పంపునే, అంటే నీళ్ల పంపు కాదు, డీజిల్‌ను ఒత్తిడితో నాజిల్‌కి తోసే ఇంజెక్షన్ పంపునే, అనుమానిస్తారు. పాపం, చాలాసార్లు తప్పు దానిది కాదు. ఫిల్టర్ పూడిపోయి ఉంటుంది, లైన్లో గాలి చేరి ఉంటుంది, లేదంటే సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్ కారుతుంటుంది. ఈ మూడూ చూడకుండా పంపు మీద పానా పెట్టొద్దు.

పంపులో పైకీ కిందికీ ఆడే కడ్డీ ప్లంజర్, అది ఆడే గొట్టం బారెల్. ఆ రెండింటి మధ్య సందు రెండు మూడు మైక్రాన్లే, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతుకి రెండు మూడింతలే. తల వెంట్రుక దానికి ఇరవై రెట్లు లావుంటుంది. అందుకే పంపును మార్చుకోండి, లోపల మాత్రం విప్పకండి. పని మొదలుపెట్టే ముందు చుట్టూ ఉన్న మట్టిని డీజిల్‌తో కడిగేయండి. విప్పిన పైపుల మూతులకు శుభ్రమైన ప్లాస్టిక్ కవర్ కట్టండి. పీచు రాలే వేస్ట్ గుడ్డ వాడొద్దు.

పంపు తీశాక దాని కింద పల్చటి రేకులు, అదే షిమ్ములు, కనిపిస్తాయి. వాటిని లెక్కపెట్టి దాచండి. టైమింగ్, అంటే సిలిండర్‌లో డీజిల్ ఎప్పుడు పడాలన్నది, అంతా వాటిలోనే ఉంది. ఒక షిమ్ తీస్తే డీజిల్ ముందుగా పడుతుంది, వేస్తే ఆలస్యంగా పడుతుంది. మరీ ముందైతే ఇంజన్ టకటకా కొట్టుకుంటుంది, స్టార్ట్ చేసే హ్యాండిల్ వెనక్కి తన్నుతుంది. ఆలస్యమైతే పొగ, వేడి.

కొత్త పంపు దింపేటప్పుడు రాక్ పిన్ను (పంపు ఎంత డీజిల్ ఇవ్వాలో మార్చే పిన్ను) గవర్నర్ లీవర్ (ఇంజన్ వేగాన్ని అదుపులో ఉంచే లీవర్) గాడిలో కూర్చుందో లేదో చూడాలి. నేను పని నేర్చుకునే రోజుల్లో ఒకసారి ఇది మరిచాను. స్టార్ట్ అయిన ఇంజన్ వేగం పెరుగుతూనే పోయింది, ఎంతకీ ఆగలేదు. గాలి పీల్చే మూతికి చెక్క పలక అడ్డం పెడితే గానీ చావలేదు. టెన్షన్‌తో ఆ రాత్రి అన్నం దిగలేదు. ఇప్పటికీ పలక పక్కన పెట్టుకునే హ్యాండిల్ పడతాను. అరచెయ్యి మాత్రం ఎప్పుడూ అడ్డం పెట్టొద్దు.

ఇక టైమింగ్ చూడటం. హై ప్రెషర్ పైపు తీసి, లీవర్ రన్‌లో ఉంచి, పంపు మూతి నిండేదాకా ఫ్లైవీల్ తిప్పండి. తర్వాత కంప్రెషన్ స్ట్రోక్‌లో, అంటే రెండు వాల్వులూ మూసుకుని ఉన్నప్పుడు, ఫ్లైవీల్‌ను నడిచే దిశలోనే వేళ్లతో నెమ్మదిగా జరపండి. మూతిలో డీజిల్ వణికిన క్షణమే ఆపండి. అదే ఇంజెక్షన్ మొదలయ్యే చోటు. టీడీసీ గుర్తు, అంటే పిస్టన్ పూర్తిగా పైకి చేరిన చోటుకి ఫ్లైవీల్ మీద ఉండే గుర్తు, ఇంకా ఎంత దూరంలో ఉందో కొలవాలి. డిగ్రీల చక్రం లేదా? ఫ్లైవీల్ చుట్టూ దారం చుట్టండి. చుట్టుకొలత 1440 మిల్లీమీటర్లు వచ్చిందనుకోండి, 360తో భాగిస్తే డిగ్రీకి 4 మిల్లీమీటర్లు. మీ ఇంజన్ పుస్తకంలో 23 డిగ్రీలని ఉంటే, గుర్తు 92 మిల్లీమీటర్ల ఇవతల ఉండాలి. తేడా ఉంటే షిమ్ములు మార్చి మళ్లీ చూడండి.

తర్వాత పైపు తిరిగి పెట్టి, డీజిల్ లైన్లోని గాలి తీయాలి. బుడగలు ఆగేదాకా డీజిల్ కారనిచ్చి, చివరగా నాజిల్ దగ్గర నట్టు బిగించండి. నాజిల్ బయట పెట్టి చూసేటప్పుడు ముందు చెయ్యి పెట్టొద్దు. ఆ చిమ్ము చర్మం లోపలికి దూరిపోతుంది. చిన్న చుక్కలా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

పాత పంపును పాత ఇనుముకి వేసేయకండి. మూతులు మూసి పంపు రిపేరు షాపుకి ఇవ్వండి. ప్లంజర్, బారెల్ జత మారిస్తే చాలాసార్లు మళ్లీ పనికొస్తుంది.