ఒకే నంబరు, రెండు రంగులు

నేను: అందరికీ నమస్కారం. ఈ రోజు ఒంగోలులో ఒక పౌడర్ కోటింగ్ షెడ్డులో ఉన్నాం, అంటే ఇనుము మీద రంగు పొడి కొట్టి ఓవెన్‌లో కాల్చి అంటించే చోటన్నమాట. వెనకాల వినిపించే హోరు ఓవెన్‌ది. కొత్తపట్నంలో మా అమ్మవాళ్ల ఇంటికి కొత్త గేటు చేయిస్తున్నాం. ఏ రంగు వేయించాలో తేలక ఇరవై రోజులుగా ఇంట్లో ఒకటే పంచాయితీ. అందుకే ఏళ్లుగా ఇదే పనిలో ఉన్న అన్న దగ్గరికి వచ్చేశాను. అన్నా, నేనైతే ఆంత్రసైట్ గ్రే, అంటే ముదురు బూడిద రంగు, ఖాయం చేసుకున్నా. ఆర్ఏఎల్ 7016.

అన్న: నంబరు సరేనమ్మా. ఫినిష్ ఏది?

నేను: గ్రే అంటే గ్రేనే కదన్నా?

అన్న: ఇదిగో, ఈ రెండు రేకు ముక్కలు పట్టుకో. ఇక్కడ ట్యూబులైటు కింద కాదు, బయట ఎండలోకి రా.

(తలుపు తీసిన చప్పుడు)

నేను: వింటున్నవాళ్ల కోసం చెబుతాను. రెండూ అరచేయంత ముక్కలు. ఒకటి నున్నగా మెరుస్తోంది, ఇటు తిప్పితే నా మొహం, అటు తిప్పితే షెడ్డు పైకప్పు కనిపిస్తున్నాయి. రెండోది గరుకు, సన్న ఇసుక చల్లి అంటించినట్టుంది. గోరుతో గీస్తే బరబరమంటోంది. మెరిసేది దాదాపు నలుపు. గరుకుది బాగా లేత. ఇవి వేరే వేరే రంగులన్నా.

అన్న: వెనక్కి తిప్పి చూడు, మార్కర్‌తో రాసుంది.

నేను: 7016... ఇదీ 7016! అమ్మో.

అన్న: అదే సంగతి. మెరిసే దాని మీద పడ్డ వెలుతురు అద్దం మీద పడ్డట్టు ఒక పక్కకే పోతుంది. ఆ పక్కన నువ్వు లేకపోతే నీకు చిక్కటి రంగే కనిపిస్తుంది. గరుకు మీద పడింది నాలుగు దిక్కులా చెదిరిపోతుంది, అందుకని కాస్త తెలుపు కలిపినట్టు లేతబడుతుంది. ఆర్ఏఎల్ అనేది 1927లో జర్మనీలో 40 రంగులతో మొదలైన పట్టిక, ఇప్పుడు రెండు వందలు దాటింది. ఆ నాలుగంకెల నంబరు రంగు చెబుతుంది గానీ మెరుపు ఎంతో చెప్పదు. మెరుపు విడిగా చెప్పాలి: మెరిసే గ్లాసీనా, సెమీ గ్లాసా, మెరుపు లేని మ్యాటా, గరుకుగా ఉండే టెక్స్చరా అని. జనం షేడ్ కార్డు ముందు గంటసేపు కూర్చుంటారు, ఫినిష్ గురించి ఒక్క ప్రశ్న అడగరు. తీరా గేటు నిలబెట్టాక ‘మేం చెప్పిన రంగు ఇది కాదు’ అంటారు. నాకు నిజంగా బాధగా ఉంటుంది, ఎందుకంటే ఇద్దరి తప్పూ ఉండదు.

నేను: మరి గేటుకు టెక్స్చరే మంచిదంటారు కదా?

అన్న: ఒక మాట నిజం. వెల్డింగ్ గుబ్బలు, గ్రైండింగ్ గీతలు టెక్స్చర్ కింద కనపడవు. గ్లాసీ వేస్తే రేకు మీద చిన్న సొట్ట కూడా ఎత్తి చూపిస్తుంది. కానీ గరుకులో దుమ్ము కూర్చుంటుంది. చీమకుర్తి వైపు నుంచి వచ్చేవాళ్లకు నేను ముందే చెబుతాను, క్వారీ దగ్గర ఇల్లయితే తెల్ల రాతిపొడి ఆ సందుల్లో పట్టుకుంటుంది. గుడ్డతో తుడిస్తే గుడ్డ పోగులు కూడా అక్కడే అంటుకుంటాయి. నీళ్లు కొట్టి మెత్తటి బ్రష్‌తో రుద్దాల్సిందే.

నేను: చీమకుర్తి అన్నారు కాబట్టి అడుగుతున్నా. గేటు స్తంభాలకు అక్కడి గెలాక్సీ గ్రానైట్ వేయిస్తున్నాం. నల్లరాయిలో బంగారు చుక్కలు ఉంటాయి కదా, గేటు కూడా అలాగే మెటాలిక్‌లో...

అన్న: వద్దమ్మా. మెటాలిక్ పౌడర్‌లో అల్యూమినియం రేకులో, అభ్రకమో సన్నటి పొడిగా ఉంటుంది. పౌడర్ కొట్టే గన్ ఎంత దూరంలో పట్టుకున్నారు, చెయ్యి ఎంత వేగంగా కదిలింది, పౌడర్ కరెంటుతో అంటుకుంటుంది కాబట్టి ఎర్తింగ్ ఎలా ఉంది, ఒక్కోదానికీ ఆ మెరుపు మారిపోతుంది. ఒక రెక్క ఇవాళ, ఒక రెక్క రేపు కొడితే రెండూ కలవవు. వేయించేట్టయితే గేటు, గ్రిల్, రెయిలింగ్ అన్నీ ఒకే రోజు, ఒకే డబ్బా పౌడర్‌తో అవ్వాలి. బయట ఉండే సామానుకు పైన రంగులేని క్లియర్ కోట్ కూడా ఉంటే మంచిది, లేకపోతే అల్యూమినియం నల్లబడుతుంది. రాయి మెరుపు రాయికే ఉండనీ. దాని పక్కన సాదా రంగే నిండుగా ఉంటుంది.

నేను: సరే, ఇప్పుడు మా పాత గేటు గోడు వినండి. మెరూన్ గ్లాసీ. రెండో ఏడాదికే పాలిపోయింది. చేత్తో రాస్తే అరచేతికి సున్నంలా పొడి అంటేది. మూలల్లో బొబ్బలు లేచాయి, ఒకదాన్ని గోరుతో గిల్లితే కింద అంతా తుప్పు.

అన్న: అవి రెండు వేరు వేరు జబ్బులు. పొడి రాలడం పౌడర్ రకం వల్ల. ఎపాక్సీగానీ, ఎపాక్సీ కలిపిన పౌడర్‌గానీ ఎండకు తట్టుకోలేదు, పైపొర సున్నంలా అవుతుంది. అది ఇంట్లో ర్యాకులకు, బీరువాలకు. బయటికి ప్యూర్ పాలిస్టర్ అని నోరు తెరిచి అడగాలి. రంగులో రెండూ ఒకేలా ఉంటాయి, చూసి పోల్చుకోలేం. డబ్బా మీద చదువుకోవాలి.

నేను: బొబ్బలు?

అన్న: అది ఉప్పుగాలి పని. కానీ నేరం గాలిది కాదు, కింద కడగకపోవడానిది. ఇనుముకు జిడ్డు తియ్యాలి, తుప్పు తియ్యాలి, రంగు గట్టిగా పట్టేందుకు ఫాస్ఫేటింగ్ అనే మందుపూత చెయ్యాలి, మధ్య మధ్యలో నీళ్లతో కడగాలి. మా వాళ్లు సెవెన్ ట్యాంక్ అనేది దీన్నే. కొత్తపట్నం లాంటి చోటయితే ఆ పైన జింక్ ప్రైమర్, దాని మీద రంగు. ఇంకోటి, మూలలు. లోపలి మూలల్లోకి పౌడర్ సరిగ్గా దూరదు. పదునైన అంచుల దగ్గరేమో కరిగినప్పుడు పక్కకు జారిపోయి పలచబడుతుంది. రేకు మధ్యలో పూత మందం 70 మైక్రాన్లు ఉన్నా అంచున సగం కూడా ఉండకపోవచ్చు. తుప్పు మొదలయ్యేది అక్కడే. అందుకే వెల్డర్‌తో అంచులన్నీ గ్రైండింగ్ పట్టించి గుండ్రం చేయించు.

నేను: మా అమ్మ తెలుపు అంటోంది. నేను ముదురు గ్రే అంటున్నా.

అన్న: గేటు ఏ ముఖం?

నేను: పడమర.

అన్న: అయితే అమ్మగారి మాట వినదగ్గదే. రోహిణి కార్తెలో మధ్యాహ్నం మూడింటికి 7016 గేటు మీద చెయ్యి పెట్టి చూడు. ముదురు రంగు ఎండనంతా తాగేస్తుంది. తెలుపే కానక్కర్లేదు. 7040 అని ఒక బూడిద రంగుంది, ఆరిన కచ్చిక బూడిదలా ఉంటుంది. తెలుపు జాగ్రత్తగా కాల్చాలి కూడా. ఓవెన్ 180, 200 డిగ్రీలు ఉంటుంది కదా, కాస్త ఎక్కువసేపు ఉంచితే తెలుపు పసుపు తిరుగుతుంది. గ్రేలో అంత తేడా తెలియదు.

నేను: మరి ఫినిష్?

అన్న: సముద్రం పక్కన కాబట్టి నున్నటి మ్యాట్. గరుకు వద్దు, ఉప్పు అందులో నిలబడుతుంది. పొద్దున వాకిలి కడిగేటప్పుడు గేటు మీద నాలుగు చెంబుల మంచినీళ్లు పోస్తే చాలు.

నేను: అది మా అమ్మ చెప్పకుండానే చేస్తుంది.

అన్న: ఇంకేం. 7016, 7040, తెలుపు, ఈ మూడు రేకు ముక్కలు తీసుకుపో. గెలాక్సీ స్తంభానికి ఆనించి పొద్దున ఒకసారి, సాయంత్రం ఎండ వాలాక ఒకసారి చూడండి, అమ్మగారిని కూడా పిలువు. ఆ తర్వాతే నాకు ఫోన్ చెయ్యి. గేటు తెచ్చే ముందు ఒక్క పని మర్చిపోవద్దు. ఇంటి దగ్గర ఒకసారి నిలబెట్టి, బందులు బిగించి, గడియ సరిగ్గా పడుతోందో చూసుకుని, అప్పుడు విప్పి తీసుకురండి. కోటింగ్ అయ్యాక అక్కడ వెల్డింగ్ పెడితే చుట్టూ కాలిపోతుంది, దాన్ని బ్రష్‌తో సరిచేసినా రంగు కలవదు.

నేను: వెల్డర్‌కు ఇప్పుడే చెబుతా. బందులు బోల్టులతో పెట్టమంటా.

అన్న: ఆ, బోల్టులైతే ఇంకా మంచిది. వాటిని కూడా గేటుతోనే పంపించు, ఒకేసారి కొట్టేస్తాం.