వాసన రేపే కోపం

శ్రోతలందరికీ నమస్కారం.

ములుగు, ఏటూరునాగారం అడవుల్లోనే కాదు, మన ఊళ్లలో నీళ్ల ట్యాంకుల కింద, పెద్ద పెద్ద మర్రిచెట్లకు కూడా కొండ తేనెటీగలు పట్టు పెడతాయి. వాటి జోలికి పోనంతసేపు మనల్ని పట్టించుకోవు. ఎవరో రాయి విసురుతారు, ఒక ఈగ వచ్చి కుడుతుంది. నిమిషంలో వందల ఈగలు అదే మనిషి మీద పడతాయి. అంతమందిలో అతన్నే ఎట్లా పట్టుకుంటాయి?

వాసనతో. కుట్టిన ఈగ ముల్లు మన చర్మంలోనే ఉండిపోతుంది, దానితోపాటు విషపు తిత్తి కూడా ఊడి వస్తుంది. ఈగ పోయినా ఆ తిత్తి కదులుతూ విషం ఎక్కిస్తూనే ఉంటుంది. అక్కడి నుంచే మగ్గిన అరటిపండు లాంటి వాసన వస్తుంది. అందులోని ముఖ్యమైన రసాయనం ఐసోపెంటైల్ ఎసిటేట్ అని 1962లో గుర్తించారు. మిగతా ఈగలకు అది పిలుపు. కొండ తేనెటీగల్లో దానికి తోడు ఇంకో రసాయనం ఉంటుంది, అది త్వరగా ఆరిపోదు.

అందుకే చేతులు విసురుతూ ఈగల్ని చంపొద్దు. నలిగిన ఈగ నుంచి కూడా ఆ వాసనే వస్తుంది. ముఖం కప్పుకొని పరుగెత్తి, ఇంట్లోనో బండిలోనో దూరి తలుపు వేసుకోవాలి. ముల్లును గోటితో గీకి ఎంత తొందరగా తీస్తే అంత మంచిది. పిల్లలకు ఇది తప్పకుండా చెప్పండి.

తేనె తీసేవాళ్లు పొగ పెట్టడంలోని కిటుకూ ఇదే. పొగలో ఈగల మీసాలకు ఆ వాసన సరిగా అందదు. పైగా అవి కడుపునిండా తేనె తాగే పనిలో పడతాయి.

ఎలుకలదీ ఇదే తీరు. మగ చిట్టెలుక ఇంకో మగదాని మూత్రం వాసన తగిలితే చాలు, కలబడుతుంది. ఆ మూత్రంలోని ప్రోటీన్లే పోట్లాటకు కారణమని 2007లో తేల్చారు.

నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది మాత్రం గొర్రె. ఇంత సాధుజంతువు కూడా వేరే గొర్రె పిల్ల పాలకు వస్తే తలతో కుమ్మి తరుముతుంది. ఈనిన తర్వాత పిల్లను నాకుతూ, మొదటి కొన్ని గంటల్లోనే దాని వాసన గుర్తుపెట్టుకుంటుంది. పిల్ల పొదుగులో మూతి పెట్టగానే తోక కింద మూతి పెట్టి వాసన చూస్తుంది. తనది కాకపోతే పాలివ్వదు. మన గొల్లకురుమలకు ఇది రోజూ కళ్లముందు జరిగేదే.

అప్పుడే పుట్టిన పిల్లను శుభ్రం చేద్దామని కడగకండి. ఉమ్మనీటి వాసన పోతే, ముఖ్యంగా తొలిచూలు గొర్రె, సొంత పిల్లనే దగ్గరికి రానివ్వకపోవచ్చు. పిల్ల చనిపోయిన తల్లికి తల్లిలేని పిల్లను అలవాటు చేయడానికి చాలా దేశాల కాపరులు చనిపోయిన పిల్ల తోలును దీనికి తొడుగుతారు. తల్లి వాసన చూసి పాలిస్తుంది. కొన్ని రోజులకు ఆ తోలు తీసేసినా కుమ్మదు. అప్పటికి ఈ పిల్ల వాసన దానికి అలవాటైపోతుంది.

సెలవు, నమస్కారం.